ఏడో మనిషి కోసం

అందరికీ నమస్కారం.

పశ్చిమ ఆఫ్రికా గురించి మాట్లాడమని పిలిచారు. అది చాలా పెద్ద నేల, నేను చూసింది అందులో ఒక మూల మాత్రమే. 2015 నుంచి 2019 దాకా పొలం పంపుల పని మీద సెనెగల్‌లో ఉన్నాను. మెకానిక్‌లకు నేర్పించడానికి, పాడైన మోటార్లు చూడటానికి దేశం ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగేవాణ్ణి. రాజధాని డాకర్ నుంచి దేశానికి దక్షిణాన ఉన్న కాసమాన్స్ ప్రాంతానికి వెళ్లాలంటే మధ్యలో ఇంకో దేశం దాటాలి, దాని పేరు గాంబియా. ఆ దారిలో నేను ఎక్కువగా తిరిగింది షేర్ టాక్సీలో. ఈ సాయంత్రం ఆ టాక్సీ గురించే చెబుతాను, ఎందుకంటే ఆ దేశాల గురించి నాకు తెలిసిందంతా అందులో కూర్చునే తెలిసింది.

ముందు ఆ మ్యాపును ఒకసారి ఊహించుకోండి. సెనెగల్ ఒక వెడల్పాటి ఆకు అనుకుంటే, పడమటి సముద్రపు ఒడ్డు నుంచి ఆకు సగం దాకా వచ్చి ఆగిన ఈనె గాంబియా. నది, నదికి రెండు పక్కలా సన్నటి గట్టు, అంతే దేశం. పొడవు 300 కిలోమీటర్లకు పైనే ఉన్నా వెడల్పు ఎక్కడా 50 దాటదు. 1889లో బ్రిటన్, ఫ్రాన్స్ కూర్చుని నదికి అటు పది కిలోమీటర్లు, ఇటు పది కిలోమీటర్లు అని గీత గీసుకున్నాయి. ఇంగ్లీషు యుద్ధనౌక నది మధ్యలో నిలబడి ఫిరంగి పేలిస్తే గుండు ఎంత దూరం పడిందో అంత దూరం సరిహద్దు పెట్టారని అక్కడివాళ్లు ఒక కథ చెబుతారు. అది కథే గానీ, గీత గీసినవాళ్లు ఆ ఊళ్లను ఎలా చూశారో అందులో బాగా తెలుస్తుంది. గీతకు అటూ ఇటూ ఉన్నది ఒకే మనుషులు. వోలోఫ్, మండింకా, ఫులా, జోలా భాషలు రెండు పక్కలా వినిపిస్తాయి. పోలీసు మాత్రం ఒక పక్క ఫ్రెంచిలో అడుగుతాడు, ఇంకో పక్క ఇంగ్లీషులో అడుగుతాడు.

ఇప్పుడు టాక్సీ దగ్గరికి వద్దాం. దాన్ని అక్కడ 'సెట్ ప్లాస్' అంటారు. ఫ్రెంచిలో ఏడు సీట్లు అని అర్థం. పాత పెజో 504 స్టేషన్ వ్యాగన్, లేదా దాని తర్వాత వచ్చిన 505. 504 మోడల్ 1968లో వచ్చింది. యూరప్‌లో దాని కాలం చెల్లి ఎన్నేళ్లయిందో, ఆ రోడ్ల మీద మాత్రం ఇంకా తిరుగుతూ ఉండేది. డ్రైవరు పక్కన ఒకరు, మధ్య వరసలో ముగ్గురు, వెనక వరసలో ముగ్గురు. వెనక వరస చాలా కష్టం. కప్పు కిందికి ఉంటుంది, చక్రం పైనున్న రేకు తొడకు తగులుతుంది, కాళ్లు చాపడానికి చోటుండదు. ముందు వచ్చినవాళ్లకు మంచి సీటు, చివర వచ్చినవాళ్లకు వెనక సీటు. ఏ సీటైనా చార్జీ ఒకటే. డాకర్ నుంచి కాసమాన్స్‌లోని జిగిన్‌షోర్‌కు, అంటే సుమారు 450 కిలోమీటర్లకు, నేనున్నప్పుడు పది వేల ఫ్రాంకులకు కాస్త అటూ ఇటూ తీసుకునేవారు. అప్పటి మన డబ్బులో 1,100 రూపాయలు. చార్జీ దగ్గర బేరం ఉండదు, లగేజీ దగ్గర మాత్రం ఉంటుంది. సంచి చేత్తో లేపి చూసి ఒక రేటు చెబుతారు, మనం సగం అంటాం, చివరికి మధ్యలో ఎక్కడో కుదురుతుంది.

టైము అంటూ ఏమీ లేదు. ఏడుగురు నిండితే బయలుదేరుతుంది, నిండకపోతే లేదు. మన షేర్ ఆటో కూడా అంతే కదా అంటారు. నిజమే. కానీ మన ఆటో పది నిమిషాలో పావుగంటో ఆగుతుంది. అక్కడ తెల్లవారుజామున ఐదింటికి స్టాండుకు వెళ్లి, మధ్యాహ్నం పన్నెండింటికి బయలుదేరిన రోజులున్నాయి. మొదట్లో నాకు చాలా టెన్షన్‌గా ఉండేది. ఆరుగురం ఉన్నాం కదా, దారిలో ఎవరో ఒకరు ఎక్కుతారు, పోనివ్వొచ్చు కదా అని డ్రైవరుతో వాదించేవాణ్ణి. ఆయన ఏమీ అనేవాడు కాదు, చిన్న గ్లాసులో టీ పోసి ఇచ్చేవాడు.

ఆ నిరీక్షణ వెనక లెక్క ఏమిటో అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది. స్టాండులో ప్రతి ఊరికీ ఒక వరస ఉంటుంది. ఏ కారు ముందు వచ్చిందో అది ముందు నిండాలి. దాని వంతు వచ్చేదాకా డ్రైవరు ఒక పూట, ఒక్కోసారి ఒక రోజంతా కాచుకుంటాడు. వంతు వచ్చాక ఒక సీటు ఖాళీతో వెళ్లిపోతే, ఆ నష్టం పూడ్చుకోవడానికి మళ్లీ వరస చివర నిలబడాలి. కారు చాలాసార్లు అతనిది కాదు, యజమానికి రోజు లెక్క కట్టాలి. డీజిల్, స్టాండు రుసుము, ప్రయాణికుల్ని కేకేసి పిలిచి తెచ్చే 'కోక్సర్' వాటా, దారిలో చెక్‌పోస్టుల ఖర్చు, అన్నీ పోగా మిగిలేది ఆ ఏడో సీటు డబ్బే. అంటే మేము ఖర్చు చేసిన ఆ గంటలు కూడా టికెట్టులో భాగమే. డబ్బుతో కట్టలేనిది సమయంతో కడుతున్నాం. ప్రభుత్వం బస్సు నడపని చోట, బ్యాంకు అప్పు ఇవ్వని చోట, ఆ డ్రైవర్లూ వాళ్ల సంఘాలూ కలిసి ఒక రవాణా వ్యవస్థను నిలబెట్టారు. బయటి నుంచి వచ్చినవాళ్లు దాన్ని గందరగోళం అంటుంటే నాకు బాధగా ఉంటుంది. దానంత కచ్చితమైన క్యూ నేను చాలా ఆఫీసుల్లో చూడలేదు.

ఒక రోజు జరిగింది చెబుతాను. జిగిన్‌షోర్ కారులో ఆరుగురం. ఎండు చేపల బుట్టలతో ఒక వ్యాపారి ఆవిడ, ఇద్దరు విద్యార్థులు, ఒక తాపీమేస్త్రి, తస్బీహ్, అంటే జపమాల, తిప్పుతూ ఒక పెద్దాయన, నేను. ఉదయం తొమ్మిదిన్నర దాటింది. ఏడో మనిషి రాలేదు. చేపలావిడే అందరితో మాట్లాడి, ఏడో సీటు డబ్బులు ఆరుగురం పంచుకుందాం అంది. విద్యార్థుల దగ్గర సగమే ఉంటే మిగతాది పెద్దాయన వేశారు. బయలుదేరాం. కావ్‌లాక్ దాటాక రోడ్డు పక్కన ఒక కుర్రాడు చెయ్యెత్తాడు. డ్రైవరు ఎక్కించుకున్నాడు, చార్జీ తీసుకున్నాడు, మరుసటి ఊళ్లో కారు ఆపి మా ఆరుగురికీ మా వాటా లెక్కపెట్టి తిరిగి ఇచ్చాడు. ఎవరూ అడగలేదు. ఎవరూ ఆశ్చర్యపోలేదు కూడా. పెద్దాయన తను ఎక్కువ వేసింది ఎక్కువగానే తీసుకున్నారు.

సరిహద్దు దగ్గర కథ వేరు. పశ్చిమ ఆఫ్రికా దేశాలు 1975 మే 28న లాగోస్‌లో ఎకోవాస్ అనే కూటమిగా ఏర్పడ్డాయి. 1979లో ఒక ఒప్పందం రాసుకున్నాయి. సభ్య దేశాల పౌరులు ఒకరి దేశంలోకి ఒకరు వీసా లేకుండా వెళ్లి 90 రోజులు ఉండొచ్చు. యూరప్‌లో సరిహద్దు తనిఖీలు ఎత్తేసే షెంగెన్ ఒప్పందం మీద సంతకాలు జరగడానికి ఆరేళ్ల ముందు మాట ఇది. ఆ ఒప్పందం చాలా గొప్పదని నేను నమ్ముతాను. కానీ ఒక సరిహద్దు పోస్టులో చూసింది మరిచిపోలేను. చేపలావిడ లాంటి ఆడవాళ్లు గుర్తింపు కార్డు చూపించి, కార్డు కింద ఒక నోటు మడిచి పెట్టేవాళ్లు. రసీదు ఉండదు. అడిగితే బుట్టలన్నీ దింపి విప్పమంటారు. ఎండలో చేపలు విప్పితే ఏమవుతాయో ఆవిడకు తెలుసు. అందుకే ఆ నోటును ముందే ఖరీదులో కలుపుకుంటుంది. చదువుకున్నవాళ్లు రాసుకున్న హక్కును, చదువు లేని ఒక మనిషి ప్రతి వారం డబ్బిచ్చి కొనుక్కుంటోంది. దీని మీద నాకు అప్పుడు కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది.

అక్కడే ఇంకొకటి కూడా చూశాను. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాణ్ణి కాబట్టి నన్ను ఎక్కువసేపు నిలబెట్టేవారు. ఒకసారి ముప్పావుగంట పైనే పట్టింది. బయట ఎండ మండిపోతోంది. కారు నన్ను వదిలి వెళ్లిపోయి ఉంటుందనే అనుకున్నాను, చార్జీ ముందే కట్టేశాను కదా. బయటికి వస్తే ఆరుగురూ చెట్టు కింద కూర్చుని ఉన్నారు. ఒక విద్యార్థి రెండుసార్లు లోపలికి వచ్చి చూసి వెళ్లాడట. స్టాండులో ఏడుగురు నిండితే గానీ కదలదన్న సూత్రమే ఇక్కడా. దింపిన ఏడుగురూ తిరిగి ఎక్కాలి. ఆ రోజు నుంచి స్టాండులో ఎదురుచూడటం నాకు కష్టమనిపించలేదు.

ఇంకో విషయం, చిన్నదే గానీ నాకు చాలా ఇష్టమైనది. గాంబియాను ఏలింది ఇంగ్లీషువాళ్లే కాబట్టి అక్కడా మనలాగే రోడ్డుకు ఎడమ పక్కన నడిపేవారు. చుట్టూ ఉన్న సెనెగల్‌లో కుడి పక్క. 1965లో గాంబియా కుడి పక్కకు మారింది. తర్వాత సియెర్రా లియోన్ 1971లో, నైజీరియా 1972లో, ఘానా 1974లో మారాయి. ఏలినవాళ్ల పద్ధతి వదిలి పొరుగువాళ్ల పద్ధతి తీసుకున్నాయి. పొరుగూరికి కారు వెళ్లాలంటే అది తప్పదు మరి.

ఇప్పుడు చెప్పబోయేది బరువైన విషయం. డాకర్ నుంచి కాసమాన్స్ వెళ్లే రోడ్డు గాంబియాలో ఒక పక్క కేర్ అయిబ్ దగ్గర ప్రవేశించి, ఇంకో పక్క సెనోబా దగ్గర బయటికి వస్తుంది. మధ్యలో పాతిక కిలోమీటర్లు కూడా ఉండదు. ఆ మధ్యలో నది ఉంది, అప్పట్లో నది మీద ఫరాఫెన్ని దగ్గర ఫెర్రీ ఉండేది. ఫెర్రీ చెడిపోయేది, ఆగిపోయేది, లారీలు రోజుల తరబడి వరసలో నిలబడేవి. ఫీజుల మీద రెండు దేశాల మధ్య గొడవలు. 2016లో సెనెగల్ లారీల ఫీజును గాంబియా 4,000 ఫ్రాంకుల నుంచి ఏకంగా 4,00,000కు పెంచితే, సెనెగల్ రవాణా సంఘాలు ఫిబ్రవరి నుంచి మే దాకా సరిహద్దు దిగ్బంధం చేశాయి. ఆ నెలల్లో నేను కాసమాన్స్‌కు వెళ్లాలంటే తూర్పున తంబాకుండా మీదుగా గాంబియా మొత్తాన్నీ చుట్టిరావాల్సి వచ్చింది.

రోడ్డు ఇలా ఉండేది కాబట్టి కాసమాన్స్ జనం ఓడ ఎక్కేవారు. జిగిన్‌షోర్ నుంచి డాకర్‌కు సముద్రం మీద తిరిగే ఆ ఓడ పేరు జోలా, అక్కడి ప్రజల పేరే. మరమ్మతుల కోసం ఏడాది పాటు ఆగి, 2002 సెప్టెంబరులో మళ్లీ మొదలైంది. సెప్టెంబరు 26న జిగిన్‌షోర్‌లో బయలుదేరింది. బడులు తెరిచే రోజులు, అందుకే విద్యార్థులు ఎక్కువమంది. పట్నంలో అమ్ముకోవడానికి పామాయిలు, మామిడికాయలు తీసుకెళ్లే ఆడవాళ్లు ఇంకొంతమంది. ఓడలో పట్టేది ఆరు వందల లోపు. ఎక్కింది 1,900 మందికి పైగా. ఆ రాత్రి గాలివానలో గాంబియా తీరం దగ్గర నిమిషాల్లో తిరగబడింది. అధికారిక లెక్క ప్రకారం 1,863 మంది చనిపోయారు. బతికింది 64 మంది.

కాసమాన్స్‌లో నేను పని చేసిన ప్రతి ఊళ్లోనూ ఆ ఓడలో ఎవరినో పోగొట్టుకున్న ఇల్లు ఉంది. పంపు బిగించే పొలంలో, పనివాడు పానా పక్కన పెట్టి, మా అక్క అందులోనే పోయింది అని చెప్పి మళ్లీ పానా తీసుకునేవాడు. నాకు తలకెక్కిన ఆలోచన ఒకటే. ఆ పాత డొక్కు కారులో ఎనిమిదో మనిషిని ఎక్కించడానికి ఒప్పుకోరు. ఎక్కిన ఏడుగురిలో ఒకరు కనపడకపోతే కారు కదలదు. ప్రభుత్వం నడిపిన అంత పెద్ద ఓడలో ఎంతమంది ఎక్కారో సరిగ్గా లెక్కపెట్టినవాళ్లు లేరు.

టాక్సీలు భద్రమైనవని చెప్పడానికి ఇది అనలేదు. కావు. అరిగిపోయిన టైర్లు, రాత్రి లైట్లు లేని లారీలు, నిద్ర లేని డ్రైవర్లు, ఇవన్నీ చూశాను. నేను తిరిగొచ్చాక, 2023 జనవరి 8న సెనెగల్‌లోని కాఫ్రీన్ దగ్గర రెండు బస్సులు ఢీకొని దాదాపు 40 మంది చనిపోయారు. దాని తర్వాత రాత్రి పదకొండు నుంచి తెల్లవారి ఐదు దాకా ఊళ్ల మధ్య ప్రయాణికుల బండ్లు తిరగకూడదన్నారు, వాడేసిన టైర్ల దిగుమతి ఆపారు. ఆ డ్రైవర్లను ప్రేమించేవాడిగా చెబుతున్నాను, ఆ నియమాలు ఎప్పుడో రావాల్సింది.

నదిపై వంతెన కట్టాలన్న మాట దశాబ్దాలుగా నలిగింది. చివరికి 2019 జనవరి 21న ఫరాఫెన్ని దగ్గర వంతెన తెరిచారు. పొడవు కిలోమీటరుకు కాస్త తక్కువ. ఆఫ్రికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు డబ్బిచ్చింది, రెండు దేశాల అధ్యక్షులూ వచ్చారు. మొదట చిన్న బండ్లను మాత్రమే వదిలారు. నేను ఇండియాకు తిరిగి వచ్చేముందు చివరిసారి ఆ దారిన వెళ్లాను. గంటలు, ఒక్కోసారి రాత్రంతా గడిపిన చోటును మా కారు రెండు మూడు నిమిషాల్లో దాటేసింది. కారులో ఎవరూ మాట్లాడలేదు. కింద పాత ఫెర్రీ రేవు కనిపించింది, ఖాళీగా.

టోల్ కట్టడానికి ఆగాం. రేవు దగ్గర వేయించిన వేరుశనక్కాయలు అమ్మే ఆవిడ, ఉప్పు తక్కువ వేసి ఇవ్వమని నాతో ఎన్నోసార్లు అడిగించుకున్న మనిషి, ఇప్పుడు తట్ట తెచ్చి ఇక్కడ పెట్టుకుంది. కిటికీ దగ్గరికి వచ్చి లోపలికి ఒకసారి తొంగి చూసింది. మమ్మల్ని ఎంతమందని అడగలేదు. ఏడు పొట్లాలు తీసి డ్రైవరు చేతిలో పెట్టింది.