సరుగుడు కొమ్మ, అరటి నార

శ్రోతలందరికీ నమస్కారం.

క్రిస్మస్ దగ్గరపడింది. బజారులో ప్లాస్టిక్ చెట్లు, ప్లాస్టిక్ ఆకుల దండలు వరసగా వేలాడుతున్నాయి. కొనుక్కునేవాళ్లు కొనుక్కోండి, తప్పేం లేదు. పండగయ్యాక అటక మీద పడేసి, మళ్లీ ఏడాది దుమ్ము దులిపి కట్టుకోవచ్చు. నాకు మాత్రం వాటి మీద మనసు పోదు. ఇవాళ నేను చెప్పబోయేది పచ్చి కొమ్మలతో కట్టే దండ గురించి. వీధి తలుపుకి తగిలిస్తారే, గుండ్రటి దండ, అది.

ఈ దండ చలిదేశాల నుంచి వచ్చింది. అక్కడ డిసెంబరు నాటికి చాలా చెట్లు ఆకు రాల్చేసి మోడులై నిలబడతాయి. పచ్చగా మిగిలేవి ఫర్, పైన్, హోలీ లాంటి కొన్నే. అందుకే ఆ కొమ్మలకి అంత విలువ. మనకి ఆ కరువు లేదు. మామిడి, పనస, సపోటా, నరమామిడి అన్నీ ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటాయి. మరి ఫర్ చెట్టు కొమ్మ బాపట్లలోనో భీమునిపట్నంలోనో ఎక్కడ దొరుకుతుంది? దొరకదు. దొరకనక్కర్లేదు కూడా. మనకి సరుగుడు ఉంది.

శ్రీకాకుళం, విజయనగరం వైపు శ్రోతలు దాన్ని సరివి అంటారు. పేరు ఏదైనా చెట్టు అదే. సముద్రం గాలికి హోరుమంటూ ఊగే చెట్టు. కోస్తాలో చాలా ఇళ్లలో క్రిస్మస్ చెట్టు అంటే సరుగుడు కొమ్మే. ఇసుక పోసిన బకెట్లో నిలబెట్టి, రంగు కాగితాలు కట్టి, మీద చుక్క పెడితే అయిపోయింది. పాత బంగళాల్లో దీన్ని కంచెగా కూడా పెంచి, మొక్కలు కత్తిరించే పెద్ద కత్తెరతో వరసగా కత్తిరిస్తారు. ఆ కత్తిరింపులు బయట పారేస్తారు. నా దండకి కావలసింది సరిగ్గా ఆ పారేసే కొమ్మలే.

సరుగుడు చూడ్డానికి పైన్ లాగా ఉంటుంది గాని పైన్ కాదు. దానికి చుట్టమూ కాదు. మనం ఆకులనుకునే ఆ సన్నటి పచ్చ పుల్లలు నిజానికి లేత రెమ్మలు. ఒక పుల్ల తీసుకుని రెండు చేతులా లాగండి. కణుపు దగ్గర టప్పున ఊడుతుంది. ఆ కణుపు చుట్టూ చిన్న చిన్న పళ్లలాగా ఉంటాయి, కళ్లజోడు పెట్టుకుంటేనే కనిపిస్తాయి. అసలు ఆకులంటే అవి. చిన్నప్పుడు మేం ఊడిన పుల్లని మళ్లీ అతికించి, "ఎక్కడ విరిచానో చెప్పుకో" అని ఆడేవాళ్లం. ఆకు అంత చిన్నది కాబట్టి చెట్టు నీళ్లు తక్కువ పోగొట్టుకుంటుంది. ఉప్పు గాలికీ, ఇసుక నేలకీ తట్టుకునేది అందుకే. దండ కట్టాక నాలుగు రోజులు నిలబడేదీ అందుకే.

సరే, దండ. నేను దీన్ని మొదట కట్టించింది పూలమ్మే ఆవిడ చేత. ఇంగ్లీషు పత్రికలో ఒక బొమ్మ చూసి, ఇనప తీగ, కటింగ్ ప్లేయరు, జిగురు అన్నీ కావాలేమో అనుకుంటూ, సరుగుడు కొమ్మలు సంచిలో వేసుకుని బజారుకి బయల్దేరాను. దారిలో పూల దుకాణం ఉంది. ఆవిడ కనకాంబరాలు కడుతూ, "ఏంటమ్మా, ఆ సరుగుడు తుప్ప ఎక్కడికి?" అంది. చెప్పాను. బొమ్మ చూపించాను. ఆవిడ ఒక్క క్షణం చూసి, "దీనికి తీగెందుకమ్మా? ఇదీ దండే కదా, ఇదేమన్నా బ్రహ్మవిద్యా?" అని పక్కనున్న గిన్నెలోంచి తడి అరటి నార తీసింది.

మల్లెపూల దండ కట్టడం చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. రెండు పూలు పెట్టి ముడి వేస్తాం. తర్వాతి పూలు ముందు పూల కాడల మీద పెట్టి మళ్లీ ముడి వేస్తాం. నార ఎక్కడా తెంపం. కాడ కనపడకుండా పూలు పరుచుకుంటూ పోతాయి. ఆవిడ అచ్చంగా అలాగే చేసింది. పూల బదులు జానెడు జానెడు సరుగుడు రెమ్మలు, ఒక్కో గుత్తికి నాలుగైదు. ఒట్టి నార మీద కాకుండా ఒక వెదురు చక్రం మీద. పక్క కొట్లో బుట్టలు అల్లేవాళ్ల దగ్గర ఒక బద్ద అడిగి తెచ్చి, తడిపి, మెల్లగా వంచి, రెండు కొసలూ నారతో బిగించింది. మూరెడు వెడల్పు చక్రం కావాలంటే మూడు మూరల మీద మరికాస్త బద్ద పడుతుంది, కొసలు ఒకదాని మీద ఒకటి రావాలి కదా.

మొదటి గుత్తి చక్రం మీద పెట్టింది. కాడల దగ్గర నార రెండు చుట్లు, గట్టిగా. రెండో గుత్తి మొదటి గుత్తి కాడల్ని కప్పేలా పెట్టింది. మళ్లీ రెండు చుట్లు. గుత్తులన్నీ ఒకే వైపుకి తిరిగి ఉండాలి, ఒకే వైపుకి. అలా చక్రం చుట్టూ వచ్చి, ఆఖరి గుత్తి కాడల్ని మొదటి గుత్తి కిందికి దూర్చి ముడి వేసింది. మొదలెక్కడో చివరెక్కడో తెలియలేదు. మధ్యలో ఇద్దరు బేరగాళ్లు వస్తే వాళ్లకి మూర కొలిచి పూలు కూడా ఇచ్చింది. డబ్బులు ఇవ్వబోతే నార డబ్బులు మాత్రం తీసుకుని, "పండగకి కేకు ముక్క పంపమ్మా" అంది. పంపాను లెండి.

అందుకే చెబుతున్నాను, ఈ పని నేర్చుకోడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. మీ ఇంట్లో పూలు కట్టడం వచ్చిన చెయ్యి ఒకటి ఉంటే చాలు. అమ్మమ్మ ఉంటే ఇంకా మంచిది.

అలంకారానికి ఏం గుచ్చాలి? చలిదేశాల్లో హోలీ చెట్టు ఎర్రటి పండ్లు పెడతారు. నేను పండుమిరప పెడతాను. ఈ రోజుల్లో తోటల్లో మిరప ఎర్రబారుతూ ఉంటుంది, బజారులో పండుమిరప కనిపిస్తుంది. తొడిమలతో సహా మూడేసి కాయలు కట్టి అక్కడక్కడా గుచ్చితే ఆ పచ్చ మీద ఆ ఎరుపు, చూసి తీరాలి. వాడి ముడత పడినా ఎరుపు పోదు. చేతులు కడుక్కోకుండా కళ్లు నలుపుకోకండి, అంతే. సరుగుడు చెట్టు కిందే చిన్న చిన్న గట్టి కాయలు రాలి ఉంటాయి, అవీ ఏరుకోండి.

సముద్రానికి దూరంగా, తెలంగాణలోనో రాయలసీమలోనో ఉన్నవాళ్లు సరుగుడు దొరకలేదని దిగులుపడొద్దు. మెదక్ పెద్ద చర్చి ప్రతిష్ఠ జరిగింది 1924లో, సరిగ్గా క్రిస్మస్ రోజున. అక్కడ సముద్రం లేదు, పండగకి లోటూ లేదు. నరమామిడి ఆకు అంచు అలలు తిరిగి, నిగనిగలాడుతూ ఉంటుంది, దాంతో దండ నిండుగా వస్తుంది. జామాయిల్ కొమ్మ దొరికితే వాసన అదనం. మామిడాకు సంగతి మీకు నేను చెప్పాలా? ఒక్కటే గుర్తుంచుకోండి, ఇప్పుడు మామిడి పూతకొచ్చే కాలం. పూత కొమ్మ చివరే వస్తుంది. చివర్లు తుంచితే వచ్చే వేసవి కాయల్ని తుంచినట్టే. చెట్టు లోపలి వైపు ముదురాకు కోసుకోండి. లేతాకు ఎటూ గంటలో వాడిపోతుంది. గన్నేరు మాత్రం వద్దు. ఎంత పచ్చగా ఉన్నా అది విషం, పిల్లలున్న ఇంట్లో తలుపుకి కట్టేది కాదు.

కుండీలో అరౌకేరియా పెంచుకునేవాళ్లకి ఒక మాట. కడియం నర్సరీల నుంచి తెచ్చుకుని, క్రిస్మస్ చెట్టని ముచ్చటగా చూసుకుంటారు కదా, అంతస్తులు అంతస్తులుగా కొమ్మలుండే మొక్క. దాని తల తుంచకండి. తల పోతే ఆ తీరైన గోపురం ఆకారం మళ్లీ రాదు.

సరుగుడు ఎక్కడ కోయాలి అన్నది కూడా చెప్పాలి. తీరం వెంట కనపడే తోటలన్నీ మనవి కావు. 1977 నవంబరు 19న దివిసీమని ముంచేసిన తుపాను తర్వాత గాలి ఉధృతిని ఆపడానికి తీరం వెంట సరుగుడు బాగా పెంచారు. అవి కాపలా చెట్లు. పండగ కోసం కూడా వాటి కొమ్మ విరవొద్దు. ఇంటి దగ్గర చెట్టుంటే దాన్నుంచి, లేదా ఎవరైనా రైతు తోట నరికించిన చోటు నుంచి తెచ్చుకోండి. దుంగలు కాగితం మిల్లుకి పోతాయి, చివరి కొమ్మలు నేల మీద మిగులుతాయి. అడిగితే కాదనేవాళ్లు తక్కువ. చెట్టు మీంచి కోసేటప్పుడు కత్తెరతోనే కోయండి. చేత్తో లాగితే బెరడు చీలుకొస్తుంది.

టైము అయిపోతోంది, స్టూడియోలో వేలు చూపిస్తున్నారు. అసలు మాట ఇంకా ఉంది, గబగబా చెప్పేస్తాను.

ముందు నీళ్లు, తర్వాత దండ. కొమ్మ కోసిన వెంటనే కట్టడానికి కూర్చోకండి. పొద్దున్నే, మంచు ఆరకముందే కోయండి. కాడ చివర ఏటవాలుగా మళ్లీ ఒకసారి కత్తిరించి బకెట్ నీళ్లలో నిలబెట్టండి. నీడలో, రాత్రంతా. మర్నాడు కట్టండి. నీళ్లు తాగిన కొమ్మ పండగ దాటేదాకా పచ్చగా ఉంటుంది. తాగని కొమ్మ రెండో రోజుకే పుల్లలు రాలుస్తుంది, మీరు పొద్దున్నే గుమ్మం ఊడ్చుకుంటూ నన్ను తిట్టుకుంటారు. కట్టాక కూడా సాయంత్రం పూట కాసిని నీళ్లు చిలకరించండి. ముందు నీళ్లు, తర్వాత దండ.

నీళ్ల గురించి ఇంతగా చెప్పడానికి నిప్పే కారణం. 1839లో జర్మనీలోని హాంబర్గ్‌లో విఖెర్న్ అనే మతగురువు, తన దగ్గర పెరిగే పేద పిల్లలు క్రిస్మస్ ఎప్పుడెప్పుడని అడుగుతుంటే, బండి చక్రం మీద కొవ్వొత్తులు నిలబెట్టి రోజుకొకటి వెలిగించాడు. పచ్చ కొమ్మలు ఆ చక్రం మీదికి తర్వాత చేరాయి. అది చూసి మనమూ దండ మధ్యలో కొవ్వొత్తి పెడదామనుకుంటాం. సరుగుడుతో మాత్రం వద్దు. పొయ్యి రాజేసేవాళ్లని అడగండి, సరుగుడు పచ్చిదైనా మండుతుందని చెబుతారు. ఎండిందైతే ఇక చెప్పేదేముంది! కొవ్వొత్తి ఉంటే దూరంగా బల్ల మీద పెట్టండి. దండకి వెలుగు కావాలంటే వేడెక్కని చిన్న ఎల్ఈడీ బల్బులు చుట్టండి, రాత్రి పడుకునే ముందు స్విచ్ ఆపేయండి.

కొత్త సంవత్సరం వచ్చేసరికి దండ గోధుమరంగుకి తిరుగుతుంది. అప్పుడు దించేయండి. రిబ్బను, బల్బులు విప్పి దాచుకోండి, వెదురు చక్రం వచ్చే ఏడాదికి పనికొస్తుంది. ఎండిన సరుగుడుని నారతో సహా ఒక మూల పెట్టి ఉంచండి. ఇంకో రెండు వారాల్లో భోగి. మీ వీధి పిల్లలు పుల్లలు అడుక్కుంటూ ఎలాగూ మీ గుమ్మం ముందుకొస్తారు, ఇచ్చేయండి.

సెలవు.