బెంగళూరు ఇంటికి బోల్డర్ ఎండ

సభకు నమస్కారం. బెంగళూరు మారతహళ్ళిలో రోడ్లు ఖాళీగా ఉండేది ఆదివారం పొద్దున ఒక్క రెండు గంటలే. ఆ రెండు గంటలను ఈ హాలుకు ఇచ్చినందుకు ముందుగా మీ అందరికీ కృతజ్ఞతలు. మాది హిందూపురం. ఇరవై ఏళ్లుగా ఈ నగరంలో ఇళ్ల ప్లాన్లు గీస్తూ బతుకుతున్నాను. మీలో చాలామంది ఎక్కడో ఒక 30 అడుగులకు 40 అడుగుల సైటు కొనుక్కొని, ఇంజనీరు దగ్గరకు వెళ్లేలోగా తమ ఇంటిని తామే కంప్యూటరులో గీసి చూసుకుందామని రాత్రుళ్లు కూర్చుంటున్నారని నిర్వాహకులు చెప్పారు. అలా గీస్తూ గీస్తూ ఎక్కడో ఒకచోట ఇరుక్కుంటాం. అప్పుడు అదే సాఫ్ట్‌వేరు వాడే తోటివారిని ఆన్‌లైన్‌లో అడుగుతాం. ఆ అడగడం ఎలా అన్నదే ఈ పూట నా విషయం.

ఒక ఎండ కథతో మొదలుపెడతాను. ఆ మధ్య మన తెలుగు కుర్రాడొకడు, హెచ్ఎస్ఆర్ లేఅవుట్ దగ్గర ఇల్లు కట్టుకోబోతున్నవాడు, స్కెచప్ అనే ఇళ్ల బొమ్మలు గీసే సాఫ్ట్‌వేరులో తన ఇంటిని గీసుకున్నాడు. దక్షిణం వైపు హాలుకు నాలుగు అడుగుల ఎత్తు కిటికీ, దాని మీద రెండు అడుగుల సజ్జ పెట్టాడు. డిసెంబరు నెల, మధ్యాహ్నం పన్నెండు గంటలు అని చూస్తే ఎండ సజ్జను లెక్కచేయకుండా హాలు నడిమధ్య దాకా వచ్చి పడుతోంది. సజ్జను మూడు అడుగులు చేశాడు, నాలుగు చేశాడు. అయినా ఎండ హాలులోంచి పోలేదు. నాలుగు అడుగుల సజ్జ అనగానే మేస్త్రి ముఖం ఎలా పెట్టి ఉంటాడో ఇల్లు కట్టించినవారు ఊహించుకోగలరు. చివరికి ఆ కుర్రాడు, నీడలు తప్పు చూపిస్తున్నాయి, ఏం చేయాలి అని ఒక్క వాక్యంలో తోటివారిని అడిగాడు. మొదటి రోజు ఒకరు వీడియో కార్డు మార్చి చూడమన్నారు. రెండో రోజు ఇంకొకరు సాఫ్ట్‌వేరు తీసేసి మళ్లీ వేసుకోమన్నారు. మూడో రోజు ఎవరో, ఇంతకీ మీ ఇల్లు ఏ ఊళ్లో ఉంది అని అడిగారు.

స్కెచప్ 2000లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో బోల్డర్ అనే ఊళ్లో పుట్టింది. 2006లో గూగుల్ దాన్ని కొనుక్కుంది, 2012లో అది ట్రింబుల్ అనే కంపెనీ చేతికి వెళ్లింది. యజమానులు మారినా పుట్టిన ఊరి మీద మమకారం మాత్రం పోలేదు. మన ఊరేదో మనం చెప్పకపోతే అది మన ఇంటి మీద బోల్డర్ ఎండనే కాయిస్తుంది. బోల్డర్ 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడ డిసెంబరు చివర మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 26, 27 డిగ్రీలకు మించి పైకి రాడు కాబట్టి, రెండు అడుగుల సజ్జ నీడ గోడ మీద ఒక్క అడుగు దిగితే గొప్ప. బెంగళూరు ఉన్నది 13 డిగ్రీల దగ్గర. ఇక్కడ అదే రోజున సూర్యుడు 53 డిగ్రీలు దాటి నిలబడతాడు, అదే సజ్జ రెండు అడుగుల ఎనిమిది అంగుళాల నీడనిస్తుంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. ఏప్రిల్ చివర నుంచి ఆగస్టు మధ్య దాకా మనకు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి కొద్దిగా ఉత్తరానికి ఉంటాడు; బోల్డర్‌లో ఏడాది పొడవునా మధ్యాహ్నం దక్షిణానే ఉంటాడు. ఆ సాఫ్ట్‌వేరు మాట నమ్మి ఉత్తరపు కిటికీకి సజ్జ అక్కర్లేదనుకున్నవారికి మే నెలలో గాని తెలిసిరాదు.

ఆ కుర్రాడి బొమ్మలో తప్పేమీ లేదు. తన ఇల్లు బెంగళూరులో ఉందన్న ఒక్క మాట ప్రశ్నలో లేకపోవడం వల్ల మూడు రోజులు పోయాయి. మనకూ కొలరాడోకూ కాలంలో పదకొండున్నర, పన్నెండున్నర గంటల తేడా. మనం రాత్రి పదింటికి అడిగితే వారు పగలు చూసి జవాబు రాస్తారు, మనం పొద్దున లేచి చదువుకుంటాం. ఆ జవాబు ఒక ఎదురు ప్రశ్న అయితే ఆ రోజు లెక్కలోకి రాదు.

నా అనుభవంలో ఇంటి డిజైను సాఫ్ట్‌వేరుతో మనకు వచ్చే చిక్కుల్లో చాలా భాగం ఈ జాతివే. ప్రతి సాఫ్ట్‌వేరూ తాను పుట్టిన దేశపు ఇంటిని మనసులో పెట్టుకొని ఉంటుంది, మనం మన ఇంటిని మనసులో పెట్టుకొని దాని ముందు కూర్చుంటాం. ఆ రెండు ఇళ్ల మధ్య ఉన్న దూరంలోనే ఇరుక్కుంటాం. జవాబు చెప్పే తోటివాడు ఆ దూరానికి అవతలి ఒడ్డున ఉన్నాడు. మన ఇల్లు ఎలాంటిదో మనం చెప్పనిదే అతడు తన ఇంటికి సరిపోయే జవాబే చెబుతాడు, అది అతడి తప్పు కాదు.

నేను కూడా ఈ పాఠం తేలిగ్గా నేర్చుకోలేదు. కొన్నేళ్ల కిందట ఒక అమెరికా సాఫ్ట్‌వేరులో పని మొదలుపెట్టినప్పుడు, గది ఎత్తు అన్నచోట 97 1/8 అంగుళాలు అని ముందే వేసి ఉంది. ఎనిమిది అడుగులంటే 96 కదా, ఈ అంగుళం పైచిల్లర ఎవరి లెక్క అని విసుక్కొని, మన పది అడుగుల ప్రకారం 120 అని కొట్టాను. కొట్టగానే మెట్ల లెక్క మారిపోయింది, కిటికీలు ఎక్కడివక్కడ ఉండిపోయి లింటెల్ (కిటికీల మీది అడ్డదూలం) మట్టం కుదరలేదు, పై అంతస్తు నేల ఎందుకో అడుగు మందం చూపించసాగింది. ఎత్తు పెంచితే అన్నీ పాడవుతున్నాయని ఆన్‌లైన్‌లో తోటివారికి రాశాను. అమెరికాలో ముప్పై ఏళ్లుగా చెక్క ఇళ్లు కడుతున్న ఒక వడ్రంగి జవాబిచ్చారు. వారి దేశంలో గోడలకు వాడే నిలువు చెక్కలను 92 5/8 అంగుళాల పొడవుకు ముందే కోసి అమ్ముతారట. వాటి కింద ఒక అడ్డపట్టీ, పైన రెండు, ఒక్కొక్కటి అంగుళంన్నర మందం. అన్నీ కలిపితే సరిగ్గా 97 1/8. నాకు తిక్కగా కనిపించిన ఆ అంకె ఒక వడ్రంగి చేతి లెక్క.

ఆ తరువాత ఆయన అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తు. మీ గోడ దేనితో కడతారు, మీ పై అంతస్తు నేల దేనితో పోస్తారు అన్నారు. బయటి గోడకు 8 అంగుళాల సాలిడ్ బ్లాకు, లోపలి గోడకు 4 అంగుళాలది, పైన 5 అంగుళాల కాంక్రీటు స్లాబు అని రాశాను. అలాగైతే ముందు గోడ రకాన్ని ఒకే పొరగా కొత్తగా తయారు చేసుకో, నేలలో ఉన్న చెక్క దూలాల పొరను తీసేసి 5 అంగుళాల స్లాబు పెట్టుకో, ఎత్తు జోలికి ఆ తరువాతే వెళ్లు అన్నారు. చెప్పినట్టే చేశాను. 120కి 5 కలిపితే 125 అంగుళాలు. 18 మెట్లుగా పంచితే ఒక్కొక్కటి 7 అంగుళాల లోపే వచ్చింది. మేస్త్రి చేతి లెక్క కూడా అంతే.

మాటల దగ్గర కూడా జాగ్రత్త అవసరం, ఎందుకంటే మనం ఇంగ్లీషు అనుకొని వాడే మాటలు అన్నిసార్లూ వారి ఇంగ్లీషు కావు. మన మేస్త్రీలు బేస్‌మెంట్ అంటే నేల మట్టం నుంచి ఇంటి గచ్చు దాకా మట్టి నింపి లేపిన భాగం. బేస్‌మెంట్ మూడు అడుగులు లేపుదామమ్మా అంటారు. అమెరికావాడికి బేస్‌మెంట్ అంటే భూమి లోపల ఉండే అంతస్తు. నేను ఒకసారి మూడు అడుగుల బేస్‌మెంట్ ఎలా పెట్టాలి అని అడిగితే, అంత పొట్టి గదిలో మనిషి ఎలా నిలబడతాడని జవాబు వచ్చింది. అలాగే మనకు ఫస్ట్ ఫ్లోర్ అంటే మేడ, వారికి నేల అంతస్తు. మేడ మెట్ల గురించి అడిగి కింది మెట్లకు జవాబు తెచ్చుకున్నవారు నాకు తెలుసు. ఇలాంటిచోట పేర్లు మానేసి, రోడ్డు నుంచి ఎన్ని అడుగుల ఎత్తులో, కింద నుంచి ఎన్నో నేల అని అంకెల్లో చెప్పడమే మేలు.

ఇక బొమ్మ సంగతి. ఇల్లంతా ఉన్న ఫైలును పంపి ఎక్కడో తప్పుంది చూడండి అనడం, బియ్యం బస్తా ఇచ్చి రాయి ఏరమనడమే. ఫైలును ఇంకో పేరుతో దాచుకొని, ఆ నకలులో తప్పు కనిపించే గది తప్ప మిగతావన్నీ ఒక్కొక్కటిగా తీసేయండి. ఒక్కొక్కటి తీశాక తప్పు ఇంకా ఉందా అని చూడండి. పడకగది తీయగానే తప్పు మాయమైతే దోషం పడకగదిలో ఉన్నట్టే. ఇలా తగ్గించుకుంటూ పోతే సగం సార్లు ఎవరినీ అడిగే అవసరమే రాదు. స్కెచప్‌లో ఒక గోడను జరిపితే పక్క గోడ సాగిపోవడం ఇలాంటిదే. గ్రూపు చేయని, అంటే ఒక కట్టగా కట్టని గీతలు, తలాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, అంతకుమించి అందులో రహస్యం లేదు.

పంపే ఫైలు పూర్తిగా ఉండాలి. స్వీట్ హోమ్ 3డి అనే సాఫ్ట్‌వేరు వాడేవారికి ఈ బెంగ తక్కువ, దాని ఫైలు నిజానికి ఒక జిప్ కట్ట. సోఫాలు, టైల్స్ బొమ్మలు అందులోనే ఉంటాయి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో అవి వేరేచోట ఉండి, మన దగ్గర బాగానే కనిపించి అవతలివారికి బోసి గోడలు కనిపిస్తాయి. రెవిట్ అనే డిజైను సాఫ్ట్‌వేరు వాడేవారు తమ సంవత్సరం వెర్షను తప్పక చెప్పాలి, ఎందుకంటే కొత్త దానిలో దాచిన ఫైలు పాత దానిలో తెరుచుకోదు. ఇంకొక మాట, ముఖ్యంగా సొంత ఇల్లు గీసేవారికి: ఊరి స్థానం పెట్టుకున్న ఫైలులో మీ సైటు అక్షాంశ రేఖాంశాలు కూడా ఉంటాయి. బీరువా ఎక్కడ, వెనక తలుపు ఎక్కడ అన్నది ఆ ప్లానులోనే ఉంది. నకలులోంచి స్థానం, ఇంటి నంబరు, యజమాని పేరు తీసేసి, బెంగళూరు అని మాత్రం రాస్తే ఎండ లెక్కకు అది చాలు.

కొన్ని చిక్కులకు దూరదేశపువారు పనికిరారు. పూజగది, వంటగది అని ప్లాను మీద తెలుగులో రాసుకుంటే ప్రశ్నార్థకాలు పడుతున్నాయని అడిగితే, అక్కడివారు మర్యాదగా ఇంగ్లీషులో రాసుకోమంటారు. ప్లాన్లు గీసే ఆటోక్యాడ్‌తో వచ్చే గీతల ఫాంట్లలో తెలుగు అక్షరాలే లేవని, విండోస్‌లోని గౌతమి, నిర్మలా వంటి యూనికోడ్ ఫాంటును ఎంచుకోవాలని నాకు చెప్పింది విజయవాడలో ఫ్లెక్సీలు డిజైను చేసే ఒకాయన. యూనికోడ్ కాని అను ఫాంటులో టైపు చేసిన పేర్లు, ఆ ఫాంటు లేని కంప్యూటరులో పిచ్చిగీతలుగా మారతాయని చెప్పింది కూడా ఆయనే.

మరికొన్నింటిని ఏ దేశపు తోటివారినీ అడగకూడదు. పిల్లర్ల మధ్య ఎంత దూరం ఉండాలి, బీముకు ఎన్ని కడ్డీలు వేయాలి, గోడకూ హద్దుకూ మధ్య ఎంత వదలాలి అన్నవి సాఫ్ట్‌వేరు ప్రశ్నలు కావు. మొదటి రెండింటికి మీ నేలను చూసిన స్ట్రక్చరల్ ఇంజనీరు ఉండాలి. మూడోది మీ సైటు ఏ సంస్థ పరిధిలో ఉందో ఆ సంస్థ నియమాలు చెబుతాయి. తెర మీద నిలబడ్డ ఇల్లు నేల మీద నిలబడుతుందని ఎవరైనా చనువుగా అంటే, అన్నవారికి దండం పెట్టి లేచి రండి.

చివరగా ఆ వడ్రంగి గారి దగ్గరకే వస్తాను. నా ఇంటి బొమ్మలో మేడ మీద ఎంత చెరిపినా ఏటవాలు కప్పు తనంతట తానే వచ్చి కూర్చునేది. ఈసారి తెలివి తెచ్చుకొని ముందే రాశాను: మాది చదునైన స్లాబు, చుట్టూ మూడు అడుగుల పిట్టగోడ, మూలన మెట్ల గది, దాని మీద నీళ్ల ట్యాంకు. ఒక్క జవాబుతో పని అయిపోయింది. డాబాను ఇంకొక అంతస్తుగా తీసుకో, పిట్టగోడను పొట్టి గోడగా పెట్టు, ఈ గది మీద కప్పు వద్దు అని టిక్కు తీసేయి అన్నారు. ఇల్లు పూర్తయ్యాక ఫొటోలు పంపాను. ఆయనకు మెట్లు, కిటికీలు కాదు, పిట్టగోడ నచ్చింది. ఇంటి నెత్తిన గోడ ఎందుకు అని అడిగారు. వేసవిలో అక్కడ పడుకుంటామని, వడియాలు పెడతామని, చుట్టాలు వస్తే పిల్లలంతా అక్కడే ఆడతారని, గోడ లేకపోతే ఎవరో ఒకరు కింద పడతారని రాశాను. చాలా సేపటికి, మేము కప్పు మీదికి మంచు దులపడానికి తప్ప ఎక్కము అని జవాబు వచ్చింది.

ఆ వారంలోనే చెన్నై నుంచి ఎవరో కొత్తవారు, కప్పు సరిగ్గా రావడం లేదు అని ఒక్క వాక్యం రాశారు. నేను చూసేసరికే దాని కింద ఆయన ప్రశ్న ఉంది: మీ డాబా మీద మనుషులు పడుకుంటారా, చుట్టూ గోడ ఎంత ఎత్తు?