అటెండెంటు నిద్ర

అందరికీ నమస్కారం.

క్యాన్సర్ వార్డులో బీపీ, జ్వరం, నొప్పి అన్నీ పేషెంటునే అడుగుతారు. పక్కన స్టూలు మీదున్న మనిషిని "నువ్వెప్పుడు పడుకున్నావమ్మా?" అని అడిగేవాళ్లు తక్కువ. చూసుకునేవాళ్ల మనసు చెడేది చాలాసార్లు ఆ నిద్ర దగ్గరే. ముందు చిరాకు, తలనొప్పి, మాత్ర వేశానా లేదా అన్న తికమక. ఏడుపు రావట్లేదు గనక బాగానే ఉన్నామనుకుంటారు.

నిద్ర చెడగొట్టేవి కొన్ని మందుల చీటీలోనే ఉంటాయి. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు సాయంత్రం వేస్తే పేషెంటుకు తెల్లార్లూ కన్ను మూతపడదు, మీకూ అంతే. మధ్యాహ్నం లోపే ఇవ్వొచ్చా అని డాక్టరును అడగండి. నొప్పికిచ్చే మామూలు మార్ఫిన్ మాత్ర 4 గంటలకోసారి. రాత్రి 10కి, 2కి, పొద్దున 6కి అలారం పెట్టుకుని లేస్తుంటారు. పడుకునేముందు డోసు పెంచి రాత్రి 2కి వేసే డోసు తప్పించే పద్ధతి పాలియేటివ్ డాక్టర్లకు (నొప్పి, బాధ తగ్గించే డాక్టర్లకు) తెలుసు. సొంతంగా మాత్రం వద్దు, రాయించుకోండి. నడిమధ్యలో నొప్పి లేస్తే ఎంత వేయాలో కూడా రాయించుకోండి. అది లేకపోతే అర్ధరాత్రి మాత్ర చేతిలో పట్టుకుని, వెయ్యాలా వద్దా అని వణకడమే.

కీమో తర్వాత రాత్రంతా నుదురు తడుముతూ కూర్చునే బదులు థర్మామీటరు వాడండి. 100.4 ఫారెన్‌హీట్ గానీ అంతకు మించి గానీ ఉంటే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఏ గేటు, ఏ నంబరు అన్నది ముందే రాసి గోడకు అంటించండి.

పేషెంటు నిద్రమాత్ర మీరు వేసుకోవద్దు. పిలిచినా మెలకువ రాదు.

"ఏమైనా సాయం కావాలా?" అంటే "ఏం వద్దులే" అనకండి. "శనివారం రాత్రి 10 నుంచి 4 దాకా నువ్వు కూర్చో, నేను అవతలి గదిలో పడుకుంటా" అని గంటలతో సహా చెప్పండి. భారమంతా ఒక్క కోడలి మీదో కూతురి మీదో పడేసి, ఫోన్‌లో సలహాలిచ్చే అన్నదమ్ములకు ఆరోగ్యశ్రీ కాగితాలు, బంధువుల ఫోన్లు అప్పజెప్పండి. అమెరికాలో ఉన్నా ఫోన్ల పని చేయగలరు.

రెండు వారాలుగా దేనిమీదా ఆసక్తి లేదా? దిగులు, నిరాశ వదలట్లేదా? ఒక్కోదానికి మార్కు వేసుకోండి: అసలు లేకపోతే 0, దాదాపు రోజూ ఉంటే 3, మధ్యలో అయితే 1 లేదా 2. రెండూ కలిపి 3 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వచ్చిందంటే మీకే ఓపీ చీటీ రాయించుకోవాలి. "తను త్వరగా పోతే బాగుండు" అన్న ఆలోచన వచ్చి పాపం చేసినట్టు కుమిలిపోతుంటారు. అలసిన మనసుకు వచ్చే ఆలోచనే అది, డాక్టరుకు చెప్పొచ్చు. మీరే చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పి 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. వాళ్లు తెలుగులో, ఉచితంగా, రాత్రి ఏ వేళలోనైనా మాట్లాడతారు.