పేజీ దాకా నడిపించే సాధనం

గ్రంథాలయ మిత్రులకు, పరిశోధక విద్యార్థులకు నమస్కారం.

పాత పరిశోధన పత్రికలను డిజిటల్ రూపంలో అందించే అమెరికా భాండాగారం జేస్టోర్ 1995లో స్వతంత్ర సంస్థగా ఏర్పడడానికి మూలం చాలా మామూలు ఇబ్బంది: పాత పత్రికల బైండు సంపుటాలకు కళాశాల గ్రంథాలయాల్లో చోటు చాలడం లేదు. అమెరికా దాతృత్వ సంస్థ మెల్లన్ ఫౌండేషన్ అండతో, దాని అప్పటి అధ్యక్షుడు విలియం బోవెన్ ఆలోచనతో, ఆర్థికశాస్త్ర, చరిత్ర పత్రికలు పదింటితో మొదలైన ఆ భాండాగారం ఇప్పుడు కోటికి పైగా వ్యాసాలకు నెలవు. చోటు సమస్య తీరింది. ఒక్క మాట వెతికితే వేల ఫలితాలు వచ్చిపడే చోట ఏది చదవాలన్నది పాఠకుడికి కొత్త సమస్య అయింది.

2023లో ఆ సంస్థ కొద్దిమంది పాఠకులతో ప్రయోగాత్మకంగా ప్రారంభించిన ఉత్పాదక కృత్రిమ మేధ (జనరేటివ్ ఏఐ) సాధనం ఈ సమస్యనే పట్టుకుంది. వ్యాసం తెరమీద ఉండగానే పక్కన దాని ముఖ్యాంశాలు చెబుతుంది, అడిగిన ప్రశ్నకు ఆ వ్యాసంలోంచే జవాబు వెతుకుతుంది. ‘ఆ వ్యాసంలోంచే’ అన్న మాట దగ్గర కాసేపు ఆగాలని నా కోరిక. ఇలాంటి సాధనాల వెనక పనిచేసే భాషా నమూనా కేటలాగు చూసి మాట్లాడదు. ఏ మాట తర్వాత ఏ మాట రావడానికి అవకాశం ఎక్కువో అంచనా వేసి వాక్యం అల్లుతుంది కనుక, ఎన్నడూ అచ్చుకాని వ్యాసానికి కూడా నమ్మదగిన శీర్షిక, సంపుటి సంఖ్య ఇవ్వగలదు. లేని తీర్పులను చాట్‌జీపీటీ సాయంతో ఉదహరించిన న్యాయవాదులకు 2023 జూన్‌లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు 5,000 డాలర్ల జరిమానా విధించింది. ముందున్న పాఠానికి కట్టుబడమంటే ఈ ప్రమాదం తగ్గుతుంది, పూర్తిగా పోదు.

అందువల్ల సారాంశం, వ్యాసాన్ని చదవాలా వద్దా అని తేల్చుకోవడానికే తప్ప చదివినట్టు ఉదహరించడానికి కాదని విద్యార్థికి మొదటి రోజే చెప్పాలి. మూడు జిల్లాల లెక్కలే ఇవి అని పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఉన్న హెచ్చరికను సారాంశం వదిలేస్తే, రాష్ట్రమంతటికీ వర్తించే నిర్ణయం పుడుతుంది. ప్రతి జవాబు పక్కన పేజీ సంఖ్య చూపని సాధనాన్ని మన గ్రంథాలయాలు కొనకూడదన్నది నా దృఢాభిప్రాయం.

తెలుగు విషయానికి వస్తే, అంతకంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. స్కాన్ చేసిన మన పాత పత్రికలు చాలావరకు బొమ్మలుగానే ఉన్నాయి; ఆ బొమ్మనుంచి అక్షరాలను రాబట్టే ఓసీఆర్ వత్తుల దగ్గర తడబడుతుంది. భూమి పన్ను మీద వెతికే పరిశోధకురాలికి, ‘పన్ను’లో నావత్తు జారిపోయిన పేజీ కనబడదు, యంత్రానికీ కనబడదు.