ఇంటి ఆఫీసుకి నాలుగు పంచాంగాలు

అందరికీ నమస్కారమండి. ఆదివారం పూట పిల్లల్ని ఎవరికో ఒకరికి అప్పజెప్పి వచ్చారు. ఆ అప్పజెప్పిన గడువు ముగిసేలోగా మనం లేచిపోవాలి కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్దాం.

మన గోదావరి డెల్టాలో ఇంటి నుంచి పనిచేసే తల్లిదండ్రులకి గండంలాంటి నెల ఏదని అడిగితే ఎక్కువమంది మే నెలంటారు, సెలవులు కాబట్టి. నా లెక్కలో మార్చి. మార్చి నడిమికి మన బడులు ఒంటిపూటకి మారతాయి. పావుతక్కువ ఎనిమిదికి గంట కొడితే పన్నెండున్నరకల్లా పిల్లలు ఇంటిదారి పడతారు. మార్చి రెండో ఆదివారం అమెరికా వాళ్ళు గడియారాన్ని గంట ముందుకి తిప్పుతారు. దాంతో నిన్నటిదాకా రాత్రి ఎనిమిదిన్నరకున్న మీటింగు ఏడున్నరకి జరిగి, సరిగ్గా పిల్లలకి అన్నాలు పెట్టే వేళ మీదకొచ్చి కూర్చుంటుంది. లండన్ వాళ్ళు మార్చి ఆఖరి ఆదివారం దాకా తిప్పరు. రెండు దేశాలతోనూ పనున్న వాళ్ళకి ఆ రెండు మూడు వారాలూ ఒక మీటింగు వేళ మారుతుంది, ఇంకోదాని వేళ మారదు. నెలాఖరుకి ఆర్థిక సంవత్సరం ముగింపు, దాని హడావుడి వేరే. ఎండలు ముదిరి ఇళ్ళలో ఏసీలు, రొయ్యల చెరువుల్లో నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లు ఒకే లైను మీద తిరగడం మొదలయ్యేదీ అప్పుడే.

వీటిలో ఏదీ చెప్పకుండా వచ్చిన చుట్టం కాదు. అన్నీ ముందే తెలిసిన తేదీలు. కాకపోతే ఒక్కోటీ ఒక్కో పంచాంగంలో ఉంటుంది: బడిది ఒకటి, ఆఫీసుది ఒకటి, కరెంటూ కాలవలదీ ఒకటి, ఇంట్లో పెద్దవాళ్ళదీ పండగలదీ మరొకటి. నాలుగూ ఒకే కాగితం మీద, నెలకో పేజీగా రాసి వంటింటి గోడకి అంటించండి. రెండు పంచాంగాలు ఢీకొనే రోజు చుట్టూ ఎర్రగీత గీయండి. ఆ రోజులకి మాత్రమే ఏర్పాటు కావాలి. మిగతా రోజులు వాటంతటవే నడిచిపోతాయి.

మీటింగు వేళల గురించి ఒక చిన్న కిటుకుంది. అమెరికా తూర్పు తీరం సమయానికి వాళ్ళ వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు కలిపితే మన సమయం వస్తుంది. నవంబరు మొదటి ఆదివారం మళ్ళీ వెనక్కి తిప్పుతారు. మీటింగు పిలుపు ఏ దేశపు సమయానికి కట్టి ఉందో చూసుకోండి. భారత సమయానికి కట్టి ఉంటే మనకి కదలదు, వాళ్ళకి కదులుతుంది. వాళ్ళ సమయానికి కట్టి ఉంటే కదిలేది మనకే. అన్నాల వేళ మీదకొచ్చే మీటింగుని అరగంట అటో ఇటో జరపమని ఫిబ్రవరిలో అడిగితే ఎవరూ కాదనరు. మార్చి పదిహేనున అడిగితే సాకులా వినబడుతుంది.

ఇక కరెంటు, నెట్టు. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఎక్కువమంది డబ్బు పోసేదీ, పోసినా బాగుపడనిదీ ఇక్కడే.

150 ఆంపియర్-అవర్ ఇన్వర్టర్ బ్యాటరీ అంటే 12 వోల్టులతో హెచ్చిస్తే 1800 వాట్-అవర్. మార్పిడిలో సుమారు ఐదో వంతు పోతుంది. మిగిలిన దాంట్లో సగానికి మించి వాడితే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. అంటే నికరంగా చేతికొచ్చేది 720. ల్యాప్‌టాప్ 60 వాట్లు, మామూలు ఫ్యాను 70, వైఫై బాక్సు 15, ఎల్ఈడీ బల్బు 9, మొత్తం 150 దాకా. అంటే ఐదు గంటలకి కాస్త తక్కువ. అదే ఫ్యాను తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ రకమైతే 30 వాట్లే కాబట్టి ఆరు గంటలు దాటుతుంది. బ్యాటరీ మూడు నాలుగేళ్ళదైతే ఈ లెక్కని సగం చేసుకోండి. ఇన్వర్టర్ లైను మీద పక్కగదిలో టీవీ ఉంటే ఇంకా తగ్గించుకోండి. వేసవిలో నెలకోసారి బ్యాటరీలో నీటి మట్టం చూసి డిస్టిల్డ్ వాటర్ పోయాలి. కుళాయి నీళ్ళూ బోరు నీళ్ళూ పోస్తే అందులో కరిగి ఉన్న లవణాలు ప్లేట్లని పాడుచేస్తాయి. మన తీరపు మండలాల్లో బోరు నీళ్ళ ఉప్పదనం వేరే చెప్పాలా.

కరెంటు పోయిన ప్రతిసారీ ఇన్వర్టర్ అందుకునేలోపు రెప్పపాటు ఖాళీ వస్తుంది. ఫ్యానుకి అది తెలియదు గానీ వైఫై బాక్సు ఆరిపోయి మళ్ళీ వెలుగుతుంది. నెట్టు తిరిగొచ్చేసరికి రెండు మూడు నిమిషాలు. ఇన్వర్టర్ని ఇంకా వేగంగా అందుకునే యూపీఎస్ మోడ్‌లో పెట్టేస్తే చాలని షాపువాళ్ళు చెప్తారు. కానీ ఆ మోడ్ తక్కువ వోల్టేజిని ఒప్పుకోదు. మన ఊళ్ళలో సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య వోల్టేజి పడిపోతే, కరెంటు ఉన్నా సరే బ్యాటరీ మీదకి మారిపోతుంది. తీరా రాత్రి తొమ్మిదిన్నరకి నిజంగా కరెంటు పోయినప్పుడు బ్యాటరీ ఖాళీ. అందుకని ఇన్వర్టర్ని మామూలు మోడ్‌లోనే వదిలి, వైఫై బాక్సుకి విడిగా డీసీ యూపీఎస్ అనే చిన్న బ్యాటరీ పెట్టె పెట్టుకోండి. కొనేముందు బాక్సు అడాప్టర్ మీద రాసింది చూడాలి. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, తేడా వస్తే బాక్సు కాలిపోవచ్చు. ఆంపియర్లు అంతకి తగ్గకూడదు, తగ్గితే బాక్సు ఊరికే ఆరి వెలుగుతుంటుంది.

మన దగ్గర ఏపీ ఫైబర్‌నెట్ తీగ వచ్చేది కరెంటు స్తంభాల మీదుగానే. కాబట్టి గాలివానకి కొబ్బరిమట్ట విరిగి పడితే రెండూ ఒకేసారి తెగొచ్చు. నెట్టు ఆగినప్పుడు ముందు బాక్సు మీద దీపాలు చూడండి. ఎల్ఓఎస్ అన్నచోట ఎర్రదీపం ఉంటే బయట తీగలో వెలుగు రావడం లేదని అర్థం. మీరు పదిసార్లు స్విచ్ కట్టేసి వేసినా లాభం లేదు, కేబుల్ ఆపరేటర్‌కి ఫోన్ చేయాల్సిందే. ఎర్రదీపం లేకుండా నెట్టు రాకపోతే అప్పుడు ఆపి వేసి చూడొచ్చు. బిల్లు గడువు దాటిందేమో కూడా. ఇంట్లోకి వచ్చిన సన్న తీగని మేకుకి బిగించి చుట్టకండి. అది గాజు పోగు, గట్టి మడత పడితే తెగకపోయినా వెలుగు తప్పిపోతుంది.

రెండో దారి మొబైల్ హాట్‌స్పాట్. వీడియో మీటింగుకి గంటకి సుమారు 1 జీబీ ఖర్చు. కెమెరా ఆపేస్తే 100 ఎంబీ లోపే. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, ఆ ఫోనే సాయంత్రం పిల్లల చేతిలో ఉంటుంది. రోజుకి 1.5 జీబీ ప్లానుని కార్టూన్లు ఎనిమిదింటికల్లా తాగేస్తాయి. తర్వాత వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది, మళ్ళీ డేటా వచ్చేది అర్ధరాత్రి దాటాకే. హాట్‌స్పాట్ సిమ్ వేరే కంపెనీదై, పిల్లలు ముట్టని పాత ఫోన్లో ఉండాలి.

ఇప్పుడు మనుషుల సంగతి. మూడేళ్ళలోపు బిడ్డ ఉంటే, చూసే మనిషి లేకుండా ఇంటి నుంచి పని సాగదు. ఈ మాట మొహమాటం లేకుండా చెప్పాలి. బిడ్డ నిద్రపోయే గంటన్నరని నమ్ముకుని ఎవరికీ డెడ్‌లైన్ మాట ఇవ్వకండి. మూడు నుంచి ఆరేళ్ళ వాళ్ళని అంగన్‌వాడీకో ప్లేస్కూలుకో పంపినా, ఇంట్లో ఉన్న వేళకి కంటికి కనబడే గుర్తు కావాలి. తలుపు గడియకి ఎర్ర తువ్వాలు కట్టి ఉంటే లోపలికి రాకూడదు, తీసేస్తే రావచ్చు. ఈ పద్ధతి నిలిచేది మీరు చెప్పిన వేళకి తువ్వాలు తీసినప్పుడే. రెండుసార్లు తీయడం మరిచారంటే ఆ తువ్వాలుకి విలువ పోయినట్టే.

అత్తగారినో అమ్మనో సాయం అడిగేటప్పుడు "కాస్త చూస్తూ ఉండండి" అనకండి. ఎంతసేపో తెలియని పని ఎవరికైనా బరువే. "పదింటి నుంచి పన్నెండున్నర దాకా చూడండి అత్తయ్యా, తర్వాత నేనొస్తాను" అనండి. ఒంటిగంటన్నర నుంచి మూడు దాకా ఆవిడ నడుం వాల్చే వేళ, సాయంత్రం దీపం పెట్టే వేళ, ఆవిడ సీరియల్ వేళ కూడా గోడమీద కాగితంలోకి ఎక్కాలి. అవీ డెడ్‌లైన్లే.

ఇంకోటుంది. పక్కింటి పిన్నిగారు మనింటికి రావడానికి కాలింగ్ బెల్ అక్కర్లేదు. "ఏమ్మా, ఉన్నావా" అంటూ సరాసరి పెరటి గుమ్మంలోంచి వచ్చేస్తారు. మగాడు ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే "అబ్బాయి పనిలో ఉన్నాడు" అని గొంతు తగ్గించేవాళ్ళే, ఆడపిల్ల కూర్చుంటే "ఇంట్లోనే ఉన్నావు కదా" అంటారు. మార్చలేమని కాదు గానీ, తలుపు మూసి మార్చలేం. నాలుగున్నరకి టీ తాగుదాం రమ్మని మీరే ముందు పిలవండి. పదకొండింటికి రావడం తగ్గుతుంది. గ్యాస్ బండ బుక్ చేసినప్పుడు ఫోనుకొచ్చే డెలివరీ కోడ్ కాగితం మీద రాసి వంటింట్లో పెడితే, బండ తెచ్చిన కుర్రాడు మీటింగు మధ్యలో కేకేయక్కర్లేదు.

డెల్టాలో పిల్లలున్న ఇంటికి అన్నిటికన్నా పెద్ద సంగతి నీళ్ళు. ఇంటెనక బోదె (చిన్న పంట కాలవ), వీధి చివర కాలవ, పక్కన రొయ్యల చెరువు. రెండు చెవులూ మూసే హెడ్‌సెట్ పెట్టుకున్న మనిషికి నీళ్ళ చప్పుడు వినబడదు. పిల్లలు ఇంట్లో ఉన్నంతసేపూ ఒక చెవి ఖాళీగా ఉంచండి. పెరటి తలుపుకి పిల్లల చేతికందని ఎత్తున, నాలుగున్నర అడుగుల పైన, ఇంకో గడియ వేయించండి. స్నానాల గదిలో బకెట్లు నిండుగా వదలకండి. ప్రమాదాలు ఎక్కువగా జరిగేది మీరు చూస్తున్నారని అత్తగారూ, అత్తగారు చూస్తున్నారని మీరూ అనుకున్న ఐదు నిమిషాల్లోనే. అందుకే చేతులు మారేటప్పుడు నోటితో చెప్పాలి, "ఇక నేను చూస్తున్నాను" అని. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు పిల్లలు అడుగున ఆడుకోవడం మరుగుతారు. జూన్‌లో నీళ్ళు వదిలే తేదీ కూడా కాగితం మీద ఉండాలి.

వంట గురించి రెండే మాటలు. మినప్పప్పు ఒకటికి ఇడ్లీ రవ్వ రెండు పాళ్ళు చొప్పున ఒకసారి కలిపితే మొదటిరోజు ఇడ్లీ, రెండోరోజు దిబ్బరొట్టె, మూడోరోజు పుల్లబడ్డ పిండితో పునుగులు. దిబ్బరొట్టె సన్నసెగ మీద ఇరవై నిమిషాలు దానంతటదే కాలుతుంది, కానీ మీటింగులోకి వెళ్ళేముందు పొయ్యి మీద పెట్టకండి. కుక్కరూ, మిక్సీ, గ్రైండరూ ఎనిమిదింటిలోపే ముగించాలి. ఆ చప్పుళ్ళూ, వానాకాలం రాత్రుళ్ళు కప్పల బెకబెకలూ, ధనుర్మాసంలో గుడి మైకూ ల్యాప్‌టాప్ మైకులోకి నేరుగా వెళ్తాయి. నోటి దగ్గర మైకుండే తీగ ఇయర్‌ఫోను చాలావరకు ఆపుతుంది.

పనిని తలపని, చేతిపని అని విడదీసుకోండి. కొత్తగా ఆలోచించి రాయాల్సింది తలపని. అది తలుపు మూసిన వేళకే. మెయిళ్ళు, టైమ్‌షీట్లు చేతిపని, వాటిని పిల్లల పక్కన కూర్చునీ చేసుకోవచ్చు. బిడ్డ పిలిచి లేవాల్సొస్తే, లేచేముందు తర్వాతి అడుగేమిటో ఒక్క ముక్క రాసి లేవండి. తిరిగొచ్చాక ఎక్కడున్నామో వెతుక్కునే పావుగంట మిగులుతుంది.

ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణతో సెలవు 26 వారాలైంది. పని స్వభావం అనుమతిస్తే, ఆ సెలవు తర్వాత యజమానీ ఉద్యోగినీ ఒప్పుకున్న షరతుల మీద ఇంటి నుంచి పనిచేసే వీలూ అందులో వచ్చింది. ఈ ఒప్పందం నోటిమాటగా వదలకండి. ఏ రోజులు, ఏ వేళలు అన్నది మెయిల్లో ఉండాలి.

చివరిగా వరద. నది మధ్య లంకల్లో ఉన్నవాళ్ళు ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి నీటిమట్టం అంకెల్ని ఆఫీసు పంచాంగంలో కలపాలి. మొదటి హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. అంతకుముందే ఎగువన భద్రాచలంలో 43 అడుగులు దాటిందన్న వార్త వస్తుంది. ఆ రోజే మేనేజర్‌కి రాసేయండి: ఫలానా పని ఇవాళ రాత్రికి పంపేస్తాను, రేపటి నుంచి రెండు రోజులు నెట్టు ఉండకపోవచ్చు అని. పవర్‌బ్యాంకులు, పాత ఫోను ఛార్జింగు పెట్టండి. పిల్లల సర్టిఫికెట్లూ ల్యాప్‌టాపూ ప్లాస్టిక్ సంచిలో చుట్టి అటక మీద పెట్టండి. ఇన్వర్టర్ బ్యాటరీ నేల మీదుంటే మోయడానికి ఇద్దరు కావాలి, బరువు 50 కిలోలు దాటుతుంది. నీళ్ళు అరుగెక్కకముందే ఇన్వర్టర్ ఆపి, తీగలు విప్పించి, బ్యాటరీని బల్ల మీదకి ఎక్కించండి.

ఇక ప్రశ్నలు అడగండి. బాక్సు అడాప్టర్ ఫోటో తీసుకొచ్చిన వాళ్ళుంటే ముందుకి రండి, దాని మీద రాసింది చూసి ఏ యూపీఎస్ సరిపోతుందో ఇక్కడే చెప్పుకుందాం.