కొత్తిమీర కట్ట లెక్క: వీధి దుకాణంలో పేపరు ఎందుకు దొరకడం లేదు?

నమస్కారం.

“అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, పేపరు కొనేవాళ్లు లేరు, అందుకే దుకాణాల్లో పేపర్లు పెట్టడం మానేశారు” అన్న మాటను నేను పెళ్లి భోజనాల దగ్గర విన్నాను, రైల్లో విన్నాను, పత్రికల్లో ఏళ్ల తరబడి పనిచేసిన పెద్దల నోటా విన్నాను. విన్న ప్రతిసారీ మనసుకు కష్టంగానే ఉంటుంది, ఎందుకంటే అందులోని సంగతులు మూడూ నిజమే అయినా, వాటిని పేర్చిన వరస తప్పు. నేను చూసిన వీధుల్లో పాఠకుడు ముందు మానలేదు. ముందు దుకాణంలో కాపీలు తగ్గాయి, రెండు మూడు సార్లు దొరక్కపోయేసరికి పాఠకుడికి అలవాటు తప్పింది, ఆ ఖాళీ అయిన చోటులోకి ఫోను వచ్చి కూర్చుంది.

ఇంటికి నెల చందా మీద వేసే పేపరు సంగతి వేరు, దాని జోలికి ఈ రోజు పోవడం లేదు. కిరాణా కొట్టు, పాన్ డబ్బా, బస్టాండు బడ్డీ, టీ హోటలు ముందు జరిగే విడి అమ్మకం గురించి మాత్రమే మాట్లాడుకుందాం.

[తెర మీద: తెల్లవారుజామున సగం తెరిచిన షట్టరు, దాని ముందు పేపర్ల కట్ట]

మా వీధి మలుపులో ఒక దుకాణం ఉంది. ఐదు దాటాక ఏజెంటు బండి మీద వచ్చి, కట్టను షట్టరు ముందు దించి, ఆగకుండా వెళ్లిపోతాడు. దుకాణదారు కట్ట చుట్టూ బిగించి ఉన్న ప్లాస్టిక్ పట్టీని బ్లేడుతో కోసి, మెయిన్ పేపర్లను ఒక పక్కన, జిల్లా పేజీలను మరో పక్కన దొంతరగా పెట్టుకుని, ఒకదానిలో ఒకటి దూర్చి, అరచేత్తో మడత గట్టిగా రుద్ది, గుమ్మానికి అడ్డంగా కట్టిన నైలాన్ తాడు మీద బట్టల క్లిప్పులతో తగిలిస్తాడు. నేను బడికి వెళ్లే రోజుల్లో ఆయన అరవై కాపీలు దించుకునేవాడు. మొన్న నిలబడి లెక్కపెడితే తొమ్మిది ఉన్నాయి. తాడు మాత్రం అప్పటిదే, క్లిప్పులు కూడా చాలావరకు అప్పటివే.

అరవై నుంచి తొమ్మిదికి దిగిన దారి అర్థం కావాలంటే మనం కొత్తిమీర కట్ట దగ్గరికి వెళ్లాలి.

కూరగాయల బండి అతను కొత్తిమీర అమ్మి డబ్బు చేసుకోడు. అతనికి మిగిలేది టమాటాల మీద, వంకాయల మీద, ఉల్లిపాయల మీద. కానీ బండి మీద కొత్తిమీర లేకపోతే ఇల్లాలు పక్క బండి దగ్గరికి వెళుతుంది, వెళ్లినప్పుడు టమాటాలు కూడా అక్కడే కొంటుంది. అందుచేత లాభం లేకపోయినా కొత్తిమీర పెట్టక తప్పదు. పెడితే మధ్యాహ్నానికి వాడిపోతుంది. వాడిపోయినదాన్ని మార్కెట్‌లో వెనక్కి తీసుకోరు. చిన్న దుకాణానికి దినపత్రిక అచ్చంగా ఇటువంటి సరుకు. పేపరు కోసం వచ్చిన మనిషి పాల ప్యాకెట్టు తీసుకుంటాడు, సబ్బు తీసుకుంటాడు, పిల్లవాడికి బిస్కట్ల పొట్లం తీసుకుంటాడు. దుకాణదారు పొట్ట నింపేది ఆ బిస్కట్ల పొట్లమే తప్ప పేపరు కాదు. ఎప్పుడూ కాలేదు కూడా. “పేపరు అమ్ముకుని బతికేవాళ్ల పొట్ట మీద ఫోను కొట్టింది” అనేవాళ్లు ఈ ఒక్క సంగతి గమనించి ఉంటే అంత తేలికగా ఆ మాట అనేవారు కాదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. తేలికగా ఉండేందుకు అంకెలు నేనే అనుకుని చెబుతున్నాను, మీ ఊరి అంకెలు వేసుకున్నా ఫలితం ఇదే దారిలో వస్తుంది. పేపరు ధర 10 రూపాయలనీ, దుకాణదారుకు అది 8 రూపాయల 50 పైసలకు పడుతుందనీ అనుకుందాం. కాపీకి మిగిలేది రూపాయిన్నర. ముప్పై కాపీలు తెచ్చి ముప్పై అమ్మితే 45 రూపాయలు మిగులుతాయి. అదే ముప్పై తెచ్చి ఇరవై ఆరు అమ్మాడనుకోండి. ఇరవై ఆరు కాపీల మీద 39 రూపాయలు వచ్చాయి, మిగిలిపోయిన నాలుగు కాపీల మీద 34 రూపాయలు పోయాయి. ఆ పూట ఆయన చేతిలో నిలిచింది 5 రూపాయలు. మిగిలిన నాలుగింటినీ పాత పేపర్ల కింద తూకానికి వేస్తే మహా అయితే మరో మూడు రూపాయలు వస్తాయి. ఒక్క కాపీ మిగిలిపోతే ఆ నష్టం పూడ్చుకోవడానికి దాదాపు ఆరు కాపీలు అమ్మాలి. దయచేసి ఈ ‘ఒకటికి ఆరు’ను గుర్తుంచుకోండి, తర్వాత జరిగినదంతా దీని చుట్టూనే తిరిగింది.

ఈ లెక్క తెలిసిన ఏ దుకాణదారైనా ఏం చేస్తాడు? మర్నాడు ముప్పైకి బదులు ఇరవై నాలుగు చెబుతాడు. ఇరవై నాలుగూ అమ్ముడుపోతాయి, 36 రూపాయలు మిగులుతాయి, ఒక్క కాపీ కూడా వాడిపోదు. కాగితం మీద ఇంతకంటే తెలివైన నిర్ణయం లేదు. కానీ నిన్న వచ్చిన ఇరవై ఆరు మందిలో ఇద్దరు ఈ రోజు ఉత్త చేతులతో వెనక్కి వెళ్లారు. వాళ్లు రెండు రోజులు ఇలాగే వెళితే మూడో రోజు రారు. అప్పుడు ఇరవై నాలుగులోనూ రెండు మిగలడం మొదలవుతుంది, ఎందుకంటే అందరూ రోజూ రారు, ఒకరు ఊరికి వెళతారు, ఒకరికి జ్వరం వస్తుంది. మళ్లీ ఇరవైకి తగ్గిస్తాడు. కొత్తిమీర రెండే కట్టలు పెట్టుకునే బండి దగ్గరికి కొత్తిమీర కోసం ఎవరూ పోరు కదా, ఇదీ అంతే. మెట్టు మెట్టుగా దిగి తొమ్మిదికి చేరిన కథ ఇదే. దిగిన ఏ మెట్టు మీదా దుకాణదారు తప్పు చేయలేదు, పాఠకుడూ తప్పు చేయలేదు.

“మిగిలిన కాపీలు వెనక్కి ఇచ్చేయవచ్చు కదా” అని మీరు అడగవచ్చు. సరైన ప్రశ్న. మిగిలినవాటిలో కొంత భాగాన్ని వెనక్కి తీసుకునే పద్ధతి ఈ వ్యాపారంలో ఉంది, దాన్నే రిటర్నులు అంటారు. వెనక్కి తీసుకున్నంత కాలం దుకాణదారు ధైర్యంగా నాలుగు కాపీలు ఎక్కువే పెట్టుకోగలడు. ఆ వెసులుబాటు బిగిసే కొద్దీ మిగిలిపోయిన కాపీ బరువంతా దుకాణం మీదే పడుతుంది. అది ఎందుకు బిగుస్తుందో తెలియాలంటే పేపరు తూకం వేయాలి.

[తెర మీద: వంటింటి తక్కెడలో పన్నెండు పేజీల పేపరు]

దినపత్రిక కాగితం చదరపు మీటరుకు దాదాపు 45 గ్రాములు తూగుతుంది. పెద్ద సైజులో 12 పేజీలంటే ఆరు ఆకులు. ఆ ఆరింటినీ నేల మీద పక్కపక్కన పరిస్తే చదరపు మీటరుకు కాస్త పైన వస్తుంది, అంటే ఒక పేపరు సుమారు 50 గ్రాములు. కిలో కాగితానికి ఇరవై పేపర్లు. కిలో 60 రూపాయలనుకుంటే పన్నెండు పేజీలకు కాగితం ఖర్చే 3 రూపాయలు, ఇరవై పేజీలైతే 5 రూపాయలు. సిరా, ప్లేట్లు, ముద్రణ, విలేకరుల జీతాలు, రాత్రంతా తిరిగే వ్యాన్ల డీజిలు ఇంకా కలపలేదు. ఏజెంటు వాటా, దుకాణం వాటా పోగా పది రూపాయల్లో సంస్థకు చేరేది వీటికి చాలదు. ఆ తేడాను ఇన్నేళ్లూ పూడ్చింది ప్రకటనల డబ్బు. మనం పేపరును దాని ఖర్చు కంటే తక్కువకు కొనుక్కున్నాం, మిగతాది చీరల దుకాణాలు, కాలేజీలు, స్థలాలు అమ్మేవాళ్లు కట్టారు.

ధర పెంచితే సరిపోతుందని అనుకోవడం తేలిక. పేజీల సంఖ్యను బట్టి కనీస ధర ఎంత ఉండాలో ప్రభుత్వమే నిర్ణయించేలా 1956లో ఒక చట్టం వచ్చింది. మరాఠీ పత్రిక సకాళ్ యాజమాన్యం దాని మీద సుప్రీంకోర్టుకు వెళితే, ధర పెంచినా పేజీలు తగ్గించినా పత్రిక కొనేవాళ్లు తగ్గిపోతారనీ, అది భావ ప్రకటన స్వేచ్ఛను దెబ్బతీస్తుందనీ కోర్టు 1961లో ఆ చట్టాన్ని కొట్టేసింది. ఒక్క రూపాయి పెరిగినా కొనేవాడు వెనుకాడతాడని మన దుకాణదారుకు ఏ కోర్టూ చెప్పనవసరం లేదు, కానీ చెప్పిన కోర్టు ఉందన్నది నాకు ఎంతో ముఖ్యమైన విషయం.

ఇక కాగితంలో పెద్ద భాగం విదేశాల నుంచి వస్తుంది. 2019 జులై బడ్జెట్లో దాని మీద 10 శాతం దిగుమతి సుంకం వేశారు, 2020 ఫిబ్రవరిలో 5 శాతానికి తగ్గించారు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక, ఎక్కువ కాగితం పంపే దేశాల్లో రష్యా కూడా ఒకటి కావడంతో, ధరలు మళ్లీ మండాయి. అదే కాలంలో ప్రకటనల డబ్బు ఫోన్ల వైపు నడిచింది. మన దేశ మీడియా, వినోద రంగం ఆదాయంలో 2024లో డిజిటల్ వాటా టీవీని దాటి మొదటి స్థానానికి వచ్చిందని వ్యాపార సంస్థల సమాఖ్య ఫిక్కీ, సలహా సంస్థ ఈవై కలిసి ఇచ్చిన నివేదిక లెక్క చెప్పింది. ఫోను పేపరును కొట్టిన చోటు ఇది. పాఠకుడి కళ్లను లాక్కోవడానికి ముందే ప్రకటనదారు జేబును లాక్కుంది. ఆ డబ్బు రాక పత్రిక జేబు ఖాళీ అయినప్పుడు వెనక్కి వచ్చే కాపీ భారమనిపిస్తుంది, ఆ భారం మెల్లగా నైలాన్ తాడు కట్టిన గుమ్మం దాకా వస్తుంది.

తాజాదనం సంగతి కూడా చెప్పాలి, కొత్తిమీరకు ప్రాణం అదే కాబట్టి. 1914లో ఆంధ్రపత్రిక మద్రాసులో దినపత్రికగా మొదలైనప్పుడు తెలుగు ఊళ్లకు రైల్లో రావలసిందే. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు మొదలయ్యేనాటికి కూడా విజయవాడలో అచ్చయిన పత్రికలు ఆ ఊరికి పొద్దెక్కాక గాని చేరేవి కావు. తెల్లవారకముందే గుమ్మంలో పేపరు పడటం అక్కడివాళ్లకు కొత్త. 1989లో జిల్లా పేజీలు వచ్చాయి, 2008 మార్చి 24న సాక్షి ఒకేసారి 23 చోట్ల నుంచి మొదలైంది. వందేళ్ల తెలుగు పత్రికల పోటీని నేను ఇలా చూస్తాను: కొత్తిమీర పెరిగే మడిని బండికి ఎంత దగ్గరగా తేగలం అన్న పోటీ అది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకైన తర్వాత మడి జేబులోకే వచ్చేసింది. వే టు న్యూస్ లాంటి యాప్‌లో మన మండలం వార్త రాత్రే చదివినవాడికి ఉదయం ఆరింటి పేపరు అప్పటికే కాస్త వాడినట్లు కనిపిస్తుంది. దీన్ని నేను కాదనను.

కానీ వరస గురించి నేను అన్న మాటకు ఒక సాక్ష్యం ఉంది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. కాగితం మీద వైరస్ ఉంటుందన్న భయంతో అపార్టుమెంట్లు పేపరు వేసే పిల్లల్ని గేటు దగ్గరే ఆపాయి, బడ్డీలు మూతపడ్డాయి, పేజీలన్నీ పీడీఎఫ్‌గా వాట్సాప్‌లో తిరిగాయి. అంతకుముందు రోజు దాకా పేపరు కొన్నవాళ్ల చేతుల్లో ఫోన్లు లేవా? ఉన్నాయి. ఫోను పక్కన పెట్టుకునే పేపరు కొన్నారు. సరఫరా తెగిన తర్వాతే వాళ్లలో చాలామందికి అలవాటు తెగింది, దుకాణం మళ్లీ తెరిచినా తిరిగి రాలేదు.

ఇంకా ఎవరు కొంటున్నారో కూడా చూడండి. ఒకప్పుడు పదో తరగతి, ఇంటర్ ఫలితాల రోజున నంబర్లన్నీ పేపర్లోనే వచ్చేవి. కట్ట విప్పకముందే దుకాణం ముందు పిల్లలు, తండ్రులు గుంపుగా నిలబడేవారు, ఒక్క కాపీ మీద పదిమంది వేళ్లు నంబర్ల వెంట పరిగెత్తేవి. ఫలితాలు వెబ్‌సైట్లకు మారడంతో ఆ గుంపు పోయింది. కానీ గ్రూప్స్‌కీ, కానిస్టేబుల్ పరీక్షకీ చదివేవాళ్లు ఇప్పటికీ వస్తున్నారు. హైదరాబాద్‌లో చిక్కడపల్లి గ్రంథాలయం, అశోక్‌నగర్ ప్రాంతం వాళ్లకు అడ్డా. ఈనాడులో ప్రతిభ, సాక్షిలో భవిత లాంటి చదువుల పేజీలను కత్తిరించి దాచుకోవాలంటే కాగితమే కావాలి. పేరు మార్పు ప్రకటన ఇచ్చినవాళ్లు రెండు మూడు కాపీలు కొంటారు, ఆఫీసులో చూపాలి కాబట్టి. ఊళ్లో సభ జరిగి ఫొటో పడిన రోజున ఆ ఫొటోలోని మనిషి ఉన్న కాపీలన్నీ కొనేస్తాడు. ఆదివారం పుస్తకం వస్తుంది గనుక మా దుకాణదారు ఆ ఒక్క రోజు తొమ్మిదిని పదిహేను చేస్తాడు, పదిహేనూ పోతాయి.

సమయం మించిపోతోంది, మిగతావి త్వరగా చెబుతాను. క్యూఆర్ కోడ్ వల్ల చిల్లర ఇబ్బంది తీరింది, అయితే చిల్లరకు బదులు చాక్లెట్ ఇచ్చే అవకాశం కూడా దుకాణదారుకు పోయింది. పాత పేపర్లో బజ్జీలు కట్టడం సిరా వల్ల ఆరోగ్యానికి హానికరమని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2016లోనూ, 2023లోనూ హెచ్చరించింది. ఆ హెచ్చరిక సరైనదే, దాన్ని పాటించాలి. అయితే మిగిలిన కాపీకి ఉన్న చివరి గిరాకీల్లో అది ఒకటి. కొందరు ఏజెంట్లు పేపర్లతో పాటు పాల ప్యాకెట్లు కూడా వేస్తున్నారు, తెల్లవారుజామున తిరిగే బండికి రెండో సరుకు దొరికింది కాబట్టి.

చివరిగా, “మా వీధిలో పేపరు దొరకడం లేదు, ఏం చేయాలి” అని అడిగేవాళ్లకు. ఉదయం దుకాణానికి వెళ్లి అడిగితే లాభం లేదు, అప్పటికి ఆ రోజు కట్ట కట్టేసి పంపించేశారు. రేపు ఎన్ని కాపీలు కావాలో దుకాణదారు ఏజెంటుకు ముందురోజే చెబుతాడు. కాబట్టి సాయంత్రం పాల ప్యాకెట్టుకు వెళ్లినప్పుడు “రేపటి నుంచి నాకొకటి పక్కన పెట్టండి, నెల డబ్బులు ఇవిగో” అని చెప్పి ముందే ఇచ్చేయండి. డబ్బు ముందే అందిన కాపీ ఆయన లెక్కలో మిగిలిపోయే కాపీ కాదు, దానికి ఒకటికి ఆరు లెక్క వర్తించదు. మా వీధిలో నేనూ, పక్కింటి మాస్టారూ పోయిన నెలలో అలాగే ఇచ్చాం. ఈ రోజు ఉదయం తాడు మీద పదకొండు ఉన్నాయి.