క్లచ్ తీసి కన్వర్టర్ పెడదాం: ఎడమకాలికి ఇక సెలవు

నమస్కారం. వెనుక లిఫ్టు మీద కనిపిస్తున్నది నా 1969 షెవర్లే (షెవీ) కమారో కారు. 350 ఘనపు అంగుళాల స్మాల్ బ్లాక్ ఇంజను, నాలుగు గేర్ల మన్సీ గేర్‌బాక్సు. ఇక్కడ టెక్సస్‌లో వారాంతాల్లో బ్రాకెట్ రేసులకు తీసుకెళ్తుంటాను. దీని క్లచ్ తీసేసి, టార్క్ కన్వర్టర్‌తో పవర్‌గ్లైడ్ ఆటోమేటిక్ ఎక్కించిన కథ ఇది. పని మూడు వారాంతాలు పట్టింది.

క్లచ్ మీద నాకు కోపమేమీ లేదు, దాన్ని వదిలే క్షణంలో ఉండే సరదా వేరు. కానీ బ్రాకెట్ రేసులో గెలిచేది వేగం ఒక్కటే కాదు. పావు మైలు ఎన్ని సెకన్లలో పరుగెత్తుతామో ముందే అద్దం మీద రాస్తాం. అంతకంటే త్వరగా వెళ్ళినా చిక్కే. క్లచ్ ప్లేటు ప్రతి పరుగుకూ కొంత అరుగుతుంది, కొంత వేడెక్కుతుంది. దానికి తోడు నా ఎడమకాలు ఉదయం ఒకలా, సాయంత్రం ఒకలా వదులుతుంది. మొదటి అరవై అడుగుల సమయం ఎప్పుడూ నిలకడగా ఉండేది కాదు.

కన్వర్టర్ అంటే ఏమిటి? కుండలో కవ్వం తిప్పితే మజ్జిగ కూడా తిరుగుతుంది కదా, అదే సూత్రం. ఇంజను తిప్పే భాగం పంపు. అది విసిరిన నూనె టర్బైన్‌ను తిప్పుతుంది. రెండింటి మధ్య ఉన్న ఈ చిన్న చక్రం స్టేటర్. తిరిగివచ్చే నూనెను ఇది పంపుకు సాయపడే దిక్కుకు మళ్ళిస్తుంది. బయలుదేరే క్షణంలో టార్క్, అంటే తిప్పే బలం, దాదాపు రెట్టింపు అయ్యేది దీనివల్లే. అందుకే పవర్‌గ్లైడ్‌కు రెండే గేర్లు అని నవ్వకండి. మొదటి గేరు నిష్పత్తి 1.76, కన్వర్టర్ దాన్ని రెట్టింపు చేస్తే 3.5 దాటుతుంది. నా మన్సీ ఎం21 మొదటి గేరు 2.20 మాత్రమే.

అసలు విషయం స్టాల్. బండి కదలకుండా పట్టి ఉంచి పూర్తి థ్రాటిల్ ఇస్తే ఇంజను ఎన్ని ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాకా ఎక్కి ఇక పెరగకుండా నిలుస్తుందో ఆ అంకె ఇది. చాలామంది పెట్టె మీద 4500 అని చూసి కొనేస్తారు. ఆ అంకె కన్వర్టర్‌ది ఒక్కదానిదే కాదు, మీ ఇంజనుది కూడా. బలమైన ఇంజను వెనుక అదే కన్వర్టర్ ఎక్కువ చూపిస్తుంది, నీరసమైన దాని వెనుక తక్కువ. కాబట్టి తయారుచేసేవారికి కారు బరువు, ఇంజను టార్క్ ఎక్కడ ఎక్కువగా ఉంటుందో, వెనుక యాక్సిల్ గేరు, టైరు వ్యాసం, అన్నీ నిజాయతీగా చెప్పండి. ఉన్నదానికంటే గొప్ప ఇంజను ఉందని డంబాలు పలికితే, బయలుదేరేటప్పుడు బండి ఆయాసపడుతుంది. క్లచ్ కారులో ఎడమకాలు చేసిన పనంతా ఇక్కడ ఆర్డరు కాగితం చేస్తుంది.

ఇక పానా పట్టుకుందాం. గేర్‌బాక్సు, క్లచ్, ఫ్లైవీల్ దించాక క్రాంక్‌షాఫ్టు వెనుక మధ్యలో ఈ కంచు బుష్ ఉంటుంది. మాన్యువల్ గేర్‌బాక్సు షాఫ్టుకు ఆధారం అది. తీసేయండి. కన్వర్టర్ ముక్కు కూర్చునే చోటికి అది అడ్డం రాకూడదు. చిట్కా: రంధ్రం నిండా గ్రీజు కూరి, సరిగ్గా పట్టే కడ్డీ పెట్టి సుత్తితో కొట్టండి. గ్రీజే దాన్ని వెనక్కి నెడుతుంది.

ఫ్లైవీల్ స్థానంలో ఫ్లెక్స్‌ప్లేట్ అనే పలుచని పళ్ళ చక్రం వస్తుంది, కన్వర్టర్ బిగించేది దీనికే. షెవీకి 153 పళ్ళది, 168 పళ్ళది రెండూ దొరుకుతాయి. మీ స్టార్టర్ దేనికి సరిపోతుందో చూసుకోండి. 400 స్మాల్ బ్లాక్ అయితే బరువు కట్టిన ప్లేటే కావాలి, లేకపోతే ఇంజను వణికిపోతుంది. ప్లేటు మీద రేసింగ్ భద్రతా ప్రమాణం ఎస్‌ఎఫ్‌ఐ 29.1 ముద్ర, ట్రాన్స్‌మిషన్ షీల్డ్ మీద 4.1 ముద్ర ఉండాలి. ఏ సెకన్ల దగ్గర ఇవి తప్పనిసరో మీ తరగతి నిబంధనల్లో ఉంటుంది. నేను మాత్రం ఆ గీత కోసం ఎదురుచూడను. 1970 మార్చిలో కాలిఫోర్నియాలోని లయన్స్ ట్రాక్‌లో డ్రాగ్ రేసర్ డాన్ గార్లిట్స్ నడుపుతున్న డ్రాగ్‌స్టర్ ట్రాన్స్‌మిషన్ పేలి, ఆయన కుడిపాదంలో కొంత భాగం పోయింది. ఇంజనును డ్రైవరు వెనక్కి పంపిన కారు ఆయన కట్టింది ఆ తర్వాతే. మన కార్లలో ట్రాన్స్‌మిషన్ ఇప్పటికీ కాళ్ళ పక్కనే ఉంది.

ఇప్పుడు నెమ్మదిగా చూడండి, నేను తప్పు చేసింది ఇక్కడే. కన్వర్టర్‌లో ముందుగా లీటరు దాకా నూనె పోసి, ట్రాన్స్‌మిషన్ మీదికి తిప్పుతూ నెట్టండి. ఒకసారి జారి కూర్చుంటుంది. అయిపోయిందనుకోవద్దు. ఇంకా తిప్పండి, ఇంకోసారి టక్కుమని లోపలికి దిగుతుంది. చివరిది పంపు గేరులో కన్వర్టర్ గాడులు పడిన శబ్దం. మొదటిసారి నేను ఆ చివరి శబ్దం వినకుండానే బోల్టులతో బెల్‌హౌసింగ్‌ను, అంటే ట్రాన్స్‌మిషన్ ముందుండే గంట ఆకారపు డొప్పను, ఇంజను దగ్గరికి లాగాను. పంపు గేరు పగిలింది. మొత్తం మళ్ళీ దించాను.

బెల్‌హౌసింగ్ చేతితోనే ఇంజనుకు ఆనాలి. బోల్టులు బిగించాక కూడా కన్వర్టర్ చేతితో తిరగాలి. వెనక్కి నెట్టి చూస్తే దానికీ ఫ్లెక్స్‌ప్లేట్‌కూ మధ్య 3 నుంచి 4.5 మిల్లీమీటర్ల సందు ఉండాలి. సందే లేకపోతే ఆపేసి వెనక్కి దించండి. మరీ ఎక్కువైతే వాషర్లు వేయండి.

మిగతావి త్వరగా చెబుతాను. ట్రాన్స్‌మిషన్‌ను కింద మోసే క్రాస్‌మెంబర్ జరపాలి. ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు కొలవాలి. ఆ షాఫ్టు ముందు కొస, యోక్, నాది 27 స్ప్లైన్లది (గాడులది) కాబట్టి మన్సీకీ పవర్‌గ్లైడ్‌కూ సరిపోయింది. నూనెకు కూలర్ తప్పదు. గేరులో ఉండగా స్టార్ట్ కాకుండా ఆపే స్విచ్, పొరపాటున రివర్స్‌లో పడకుండా షిఫ్టర్‌కు తాళం కూడా పెట్టండి.

ట్రాన్స్‌బ్రేక్ మీట నొక్కితే ట్రాన్స్‌మిషన్ మొదటి గేరును, రివర్స్‌ను ఒకేసారి పట్టి బండిని బిగిస్తుంది. మీట వదలగానే బండి ఉరుకుతుంది. పట్టి ఉంచేది కొన్ని క్షణాలే. ఆ సమయంలో ఇంజను బలమంతా నూనెను కాచడానికే పోతుంది.

ట్రాక్‌కు వెళ్ళాక ఒక లెక్క చేయండి. గంటకు ఎన్ని మైళ్ళో, దాన్ని యాక్సిల్ గేరుతో, తర్వాత 336తో గుణించి, టైరు వ్యాసం అంగుళాలతో భాగించండి. కన్వర్టర్ అసలు జారకపోతే ఇంజను తిరగాల్సిన ఆర్‌పీఎం అది. నాది 120 మైళ్ళు, 4.10 గేరు, 28 అంగుళాల టైరు: 5904 ఆర్‌పీఎం. ముగింపు గీత దగ్గర మీటరు చూపించింది 6350. అంటే కన్వర్టర్ దాదాపు 7 శాతం జారుతోంది. నాకది పరవాలేదు. 12 శాతం వచ్చి ఉంటే కన్వర్టర్‌ను విప్పి, తయారుచేసినవారికే పంపి ఇంకొంచెం బిగువుగా మార్చమనేవాణ్ణి.

ఇంకో మాట. మొదటి రెండు పరుగుల్లో స్టార్టింగ్ లైను దగ్గర నా ఎడమకాలు లేని క్లచ్ పెడల్ కోసం వెతుకుతూనే ఉంది.